ఇల్లు మారిన తల్లికి ఋతుసంధి

ఆయుర్వేదంలో ఋతుసంధి అనే మాట ఒకటుంది. ఒక ఋతువు వెళ్ళిపోయే చివరి ఏడు దినాలు, మరొక ఋతువు ప్రవేశించే మొదటి ఏడు దినాలు కలిపి పదునాలుగు దినాలను వాగ్భటాచార్యులు ఋతుసంధి అన్నారు. ఆ దినాలలో పాత ఋతువుకు తగిన ఆహార విహారాలను కొంచెం కొంచెంగా విడుస్తూ, కొత్త ఋతువుకు తగినవాటిని కొంచెం కొంచెంగా అలవరచుకోవాలి. ఒక్కసారిగా విడిచి, ఒక్కసారిగా పట్టుకొంటే ఒంటికి అలవాటు లేనిది మీదపడి రోగాలు పుడతాయి.

వేసవి పోయి వాన వచ్చినందుకే దేహం ఇంత ఓర్పు కోరుతున్నప్పుడు, ఏభై అరవై సంవత్సరాలు మసలిన ఇల్లు విడిచి ఒక వృద్ధురాలు ఆశ్రమానికి చేరినప్పుడు మనం ఎంత ఓర్పు వహించాలి? ఈ ప్రశ్న నాకు గ్రంథాలు చదివినందువల్ల పుట్టలేదు. నేను చేసిన పొరపాట్ల వల్ల పుట్టింది. వాటిని పాఠకులతో చెప్పుకొంటే మరొక ఇంట అవి జరగకుండా ఉంటాయనే ఆశతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నాడి చూశాను, మనిషిని చూడలేదు

మా ఊరికి ఆరు మైళ్ళ దూరంలో, గోదావరి కాలువ గట్టున ఒక వృద్ధాశ్రమం ఉంది. పక్షానికొకసారి గురువారం నాడు అక్కడకు వెళ్ళి రోగులను చూసి రావడం చాలా ఏళ్ళుగా నాకు అలవాటు. అక్కడ ఉన్నవారిలో స్త్రీలే అధికం. ఇందులో వింత లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. వారిలో స్త్రీలు సుమారు 5 కోట్ల 30 లక్షలు, పురుషులు సుమారు 5 కోట్ల 10 లక్షలు. పైగా మన ఇళ్ళలో భార్య భర్తకన్నా వయస్సులో చిన్నది. ఆయన పోయిన తరువాత ఒంటరిగా మిగిలేది చాలా ఇళ్ళలో ఆమే.

మూడేళ్ళ క్రిందట శ్రావణమాసంలో కోనసీమ పల్లె నుండి ఒక తల్లి ఆ ఆశ్రమంలో చేరింది. వయస్సు డెబ్బైనాలుగు. చేరిన నెలకే ఆకలి పోయింది. కడుపు ఉబ్బరం, రాత్రి నిద్ర లేకపోవడం, మోకాళ్ళ నొప్పులు. నాడి చూశాను. వాతం ప్రకోపించి ఉంది. అన్నంలో మొదటి ముద్దకు నేతితో హింగ్వాష్టక చూర్ణం, రాత్రి పాలతో అశ్వగంధ, మోకాళ్ళకు మహానారాయణ తైలం వ్రాసి ఇచ్చాను. శాస్త్రంలో తప్పు లేదు. పది దినాలు కొంత గుణం కనిపించింది. తరువాత మళ్ళీ మొదటికి వచ్చింది. మోతాదు మార్చాను, అనుపానం మార్చాను. మూడు నెలలు గడిచినా ఆమె బరువు తగ్గుతూనే ఉంది. పట్నం ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేయించాము. చెప్పుకోదగిన దోషమేదీ కనబడలేదు.

ఒక గురువారం ఆమె కంచం ముందు కూర్చొని ఉండగా వెళ్ళాను. వేడి అన్నం, పప్పు, బీరకాయ కూర, చారు. ఆమె రెండు ముద్దలు కలిపి చేయి ఆపింది.

"వంట బాగుండదా అమ్మా?" అని అడిగాను.

"వంటకేం బాబూ, బాగానే ఉంటాది. నన్ను ముందు కూకోబెట్టి వడ్డిత్తన్నారు. నేనెప్పుడూ అలా తిన్లేదు. అందరికీ పెట్టాక తినేదాన్ని. ముద్దెత్తుతుంటే ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టుంటాది. చుట్టపుచూపుకొచ్చినోళ్ళం ఎన్నాళ్ళని తింటాం చెప్పండి?"

ఆ మాట విన్న తరువాత నా సంచిలోని చూర్ణాలు నాకే చిన్నవిగా కనిపించాయి. ఆమెకు పదిహేడవ ఏట పెళ్ళి అయింది. అప్పటి నుండి ఏభై ఏడేళ్ళు వడ్డించిన చేయి అది. అత్తమామలకు, మరుదులకు, బిడ్డలకు, పాలేళ్ళకు పెట్టి, చివర మధ్యాహ్నం రెండు గంటలకు తాను తినేది. ఆ రెండు గంటల ఆకలే ఆమె జఠరాగ్నికి తెలిసిన ఆకలి. ఆశ్రమంలో పన్నెండింటికే గంట కొట్టి, ఎవరికీ పెట్టనివ్వకుండా, మొదటి పంక్తిలో కూర్చోబెట్టారు. వారు చేసినది గౌరవమే. కాని ఆ గౌరవంలో ఆమె ఎవరో ఆమెకే తెలియకుండా పోయింది.

నిర్వాహకునితో మాట్లాడాను. ఆయన మొదట సంకోచించాడు. "ముసలమ్మల చేత పని చేయిస్తున్నారంటారండీ. కాలు జారితే మాకు మాట వస్తుంది" అన్నాడు. ఆ భయంలోనూ న్యాయం ఉంది. చివరకు ఒక ఏర్పాటుకు ఒప్పుకొన్నాడు. ఆమె బల్ల దగ్గర కుర్చీలోనే కూర్చొని, మొదటి పంక్తి వారికి మజ్జిగ పోయాలి. తరువాత రెండవ పంక్తిలో భోజనం చేయాలి. అంతే. ఆరు వారాలలో ఆమె కంచం ఖాళీ కావడం మొదలైంది. నిద్ర కూడా కుదుటపడింది. మోకాళ్ళ నొప్పి మాత్రం తగ్గలేదు. అది వయస్సు తెచ్చిన అరుగుదల. దానికి తైలమే, ఓర్పే.

సాత్మ్యం అంటే ఏమిటి?

చరకాచార్యులు రోగిని పది విధాలుగా పరీక్షించమన్నారు. ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు అనేవి ఆ పది. ఇందులో సాత్మ్యమంటే ఒంటికి సరిపడినది. పుట్టుకతో సరిపడినది కొంత, చిరకాలపు అభ్యాసం వల్ల సరిపడినది కొంత. ఈ రెండవదానిని ఓకసాత్మ్యం అంటారు. నేను కోనసీమ తల్లి విషయంలో వయస్సు చూశాను, ఆహారశక్తి చూశాను. సాత్మ్యం అడగలేదు, సత్త్వం అడగలేదు. పదింటిలో రెండు విడిచిన పరీక్ష అది.

మా గురువుగారి ఇంట నేను పన్నెండేళ్ళు చదువుకొన్నాను. ఆయన అరుగు మీద కూర్చొని, రోగి చేయి పట్టుకొనే ముందు ఊరి సంగతి, ఇంటి సంగతి అడిగేవారు. ఎప్పుడు లేస్తావు, ఎవరితో తింటావు, నిన్ను ఏమని పిలుస్తారు అని అడిగేవారు. వయస్సులో ఉన్న మేము అది కాలక్షేపమనుకొన్నాము. అది పరీక్షే అని తెలియడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

అలవాటైనది మంచిదే కానక్కరలేదు. చెడు అలవాటును సైతం ఒక్కసారిగా విడువరాదని, పాదం పాదంగా, అంటే నాలుగవ వంతు చొప్పున విడవాలని చరకుడూ వాగ్భటుడూ చెప్పారు. చెడును విడవడానికే ఇంత క్రమం కావాలంటే, తెల్లవారుజామున లేచి వాకిట ముగ్గు పెట్టడం, తులసికి నీళ్ళు పోయడం, పాలు కాచి తోడు పెట్టడం, పదిమందికి వడ్డించడం వంటివాటిని ఒక్క దినంలో తెంచివేయడం ఎంత సాహసమో ఆలోచించండి.

వార్ధక్యం సహజంగానే వాతకాలం. అల్పాహారం, రూక్షాహారం, జాగరణ, శోకం, భయం వాతాన్ని మరింత పెంచుతాయి. ఇల్లు విడిచిన శోకం, కొత్తచోటి భయం, నిద్రలేమి మూడూ కలిసినప్పుడు అగ్ని చెదరడం, మలబద్ధం, ఒళ్ళునొప్పులు, మతిమరపు తోడవడం ఆశ్చర్యం కాదు. మనం రోగాన్ని కడుపులో వెదకుతాము. అది కొన్నిసార్లు వదలి వచ్చిన ఇంట్లో ఉంటుంది.

స్త్రీల విషయం వేరుగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగం చేసిన పురుషునికి ఏభై ఎనిమిదికో, అరవైకో విరమణ వస్తుంది. దండవేసి, శాలువా కప్పి పంపుతారు. తాను ఇక ఫలానా కాననే సంగతికి అలవాటు పడడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు ఉంటాయి. ఇల్లు నడిపిన స్త్రీకి విరమణ లేదు. ఆశ్రమంలో చేరిన దినమే ఆమెకు విరమణ దినం. ఆ దినం ఎవరూ శాలువా కప్పరు, ఒక్క మాటైనా చెప్పరు. తాళంచెవులు మాత్రం తీసుకొంటారు.

అందరికీ ఒకటే పథ్యం కాదు

కోనసీమ తల్లికి గుణం కనబడగానే నాకు ఉత్సాహం పుట్టింది. ఆశ్రమంలోని అందరు స్త్రీలకూ తలా ఒక పని ఇప్పించాలనుకొన్నాను. మెట్టప్రాంతం నుండి వచ్చిన మరొక తల్లి వద్దకు వెళ్ళి, "మీరు రోజూ కూరలు తరిగిపెట్టండమ్మా, ఒంటికి మంచిది" అన్నాను. ఆమె పకపక నవ్వింది.

"ఇన్నాళ్ళూ తరిగింది చాలదా బాబూ?" అన్నది.

ఆమె కథ వేరు. పద్నాలుగేళ్ళకు అత్తవారింట అడుగుపెట్టింది. అక్కడ ఆమె పేరు పెద్దకోడలు. బిడ్డ పుట్టిన తరువాత ఫలానావాడి అమ్మ. తరువాత మామ్మ. పుట్టింటివారు పెట్టిన పేరు పుట్టింటివారితోనే పోయింది. ఆశ్రమంలో ప్రతి ఉదయం మాత్రలు పంచే అమ్మాయి పుస్తకం చూసి, పేరు చివర గారు చేర్చి పిలుస్తుంది. "మొదటిరోజు నేను పలకలేదు బాబూ. ఇంకెవర్నో పిలుస్తోందనుకున్నాను. పక్కావిడ పొడిచి చెబితే, అది నా పేరని గుర్తొచ్చింది" అన్నది. ఇప్పుడామె ఆరింటిదాకా పడుకొంటుంది. వేడి అన్నం మొదటి పంక్తిలో తింటుంది. చిన్ననాడు రెండవ తరగతిలో ఆగిన చదువును మళ్ళీ పట్టుకొని, దినపత్రికలోని పెద్ద అక్షరాలు కూడబలుక్కొంటుంది. ఆమెకు ఆకలి బాగుంది, నిద్ర బాగుంది. నా మందు ఆమెకు అక్కరలేదు.

ఒకరికి వడ్డించే పని తీసివేయడం వ్యాధి అయింది. మరొకరికి అదే పని తీసివేయడం రసాయనమైంది. కనుక వృద్ధాశ్రమమంటే దుఃఖమేనని, స్త్రీకి వంటిల్లే స్వర్గమని ఈ వ్యాసంలో ఎవరూ అర్థం తీయవద్దు. పూర్వులు చెప్పిన వానప్రస్థం కూడా ఇల్లు విడవడమే. కాని అది తాను తలచి స్వీకరించేది, ఒకరు పంపేది కాదు. తేడా అంతా ఆమెను అడగడంలో ఉంది.

మా అక్కయ్య జాడీలు

ఇంతవరకు చెప్పినది పరాయి ఇళ్ళ సంగతి. ఇక మా ఇంటి సంగతి చెప్పక తప్పదు.

మా అక్కయ్యకు డెబ్బైఎనిమిదేళ్ళు. బావగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఒక్కగానొక్క కొడుకు అమెరికాలో స్థిరపడ్డాడు. అక్కయ్యకు రక్తపోటు ఉంది. ఒకసారి స్నానాలగదిలో పడింది కూడా. పల్లెటూరి ఇంట్లో ఒంటరిగా ఉంచడం భయమని, మా మేనల్లుడు హైదరాబాదు శివార్లలో పెద్దలకోసం కట్టిన ఫ్లాట్ల సముదాయంలో ఆమెకు ఒక గది, చిన్న వంటగది తీసుకొన్నాడు. పిలిస్తే పలికే నర్సు, భోజనశాల, లిఫ్టు, పట్టుకొని నడవడానికి గోడలకు కమ్మీలు, అన్నీ ఉన్నాయి. అక్కయ్య ఒప్పుకొన్నది. పిల్లవాడు బాధపడకూడదని ఒప్పుకొన్నది.

ఇల్లు ఖాళీ చేసే పని నాకు అప్పగించారు. అక్కయ్యకు శ్రమ ఎందుకని ఆమెను మా ఇంట్లో ఉంచి, నేను మూడు దినాలు అక్కడ ఉండి సామాను తేల్చాను. మంచాలు ఒకరికి, బీరువా ఒకరికి, రోలు, తిరగలి మరొకరికి ఇచ్చివేశాను. అటక మీద నాలుగు పింగాణీ జాడీలున్నాయి. ఫ్లాటులో వాటితో ఏం పనని, ఇంట్లో పనిచేసే ఆమెకూ ఇరుగుపొరుగువారికీ పంచాను. త్వరగా ముగించినందుకు అందరూ నన్ను మెచ్చుకొన్నారు.

నాలుగు నెలల తరువాత మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, అమ్మకు మతిమరపు మొదలైందనిపిస్తోంది. ఏ రోజో చెప్పలేకపోతోంది. అడిగిందే అడుగుతోంది. లేని వస్తువులు వెదుకుతోందని నర్సు చెప్పింది" అన్నాడు. నరాల వైద్యునికి చూపించారు. రక్తపరీక్షలు, తలకు స్కానింగు అయ్యాయి. వయస్సుతో వచ్చే జ్ఞాపకశక్తి లోపం ఆరంభమైందని చెప్పి మాత్రలు ఇచ్చారు. నేను నా వంతుగా బ్రాహ్మీఘృతం పంపాను.

వైశాఖమాసంలో చూడబోయాను. అక్కయ్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చొని ఉంది. నన్ను చూసి, కుశలమైనా అడగకుండా, "జాడీలు ఎవరికిచ్చావురా?" అన్నది.

"ఏ జాడీలక్కయ్యా?"

"నాలుగు. పెద్దది అమ్మది."

నాకు నోట మాట రాలేదు. ఆ పెద్ద జాడీ మా అమ్మ తన పుట్టింటి నుండి తెచ్చుకొన్నది. అక్కయ్య కాపురానికి వెళ్ళేటప్పుడు అమ్మ ఇచ్చింది. నేను ఆ జాడీలోని ఆవకాయ తిని పెరిగినవాడిని. అటక మీద నుండి దించినప్పుడు నా చేతులకు అది గుర్తు రాలేదు. నాలుగు నెలలుగా ఆమె నర్సును, వంటమనిషిని, కొడుకును అడుగుతున్నది ఆ జాడీల సంగతే. వినేవారికి అవి లేని వస్తువులు. అందుచేత అది రోగలక్షణమైంది.

"నన్నొక్క మాట అడగాల్సింది తమ్ముడూ. అందరికీ ఇచ్చేసేదాన్ని. నేనే ఇచ్చేదాన్ని" అన్నది.

మా అగ్రహారంలో వేసవి వస్తే ఆవకాయ పాళ్ళు అడగడానికి అందరూ అక్కయ్య దగ్గరకే వచ్చేవారు. కొత్త కోడళ్ళు, పాత అత్తలు కూడా వచ్చేవారు. కాయ కొరికి చూసి, ఈ కాయకు ఉప్పు ఇంత, ఆవపిండి ఇంత అని చెప్పేది. ఆమె ఎవరు అంటే ఊళ్ళో చెప్పే సమాధానం అది. నేను ఆ సమాధానాన్ని అటక మీద నుండి దించి పంచిపెట్టాను.

తిరిగి ఊరికి వెళ్ళాను. మూడు జాడీలు దొరకలేదు. పెద్దది మాత్రం ఇంట్లో పనిచేసిన ఆమె దగ్గర ఉంది. అందులో చింతపండు దాచుకొన్నది. సంగతి చెప్పగానే ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి ఇచ్చింది. బదులు కొత్తది కొనిచ్చాను. అమ్మ జాడీని తువ్వాలులో చుట్టి, ఒడిలో పెట్టుకొని రైలులో తీసుకొని వెళ్ళాను.

ఆ వేసవి ఆ చిన్న వంటగదిలో పాతిక కాయల ఆవకాయ పడింది. కాయలు నేను కొట్టించి తెచ్చాను. పాళ్ళు అక్కయ్య చెప్పింది. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె ఆవపిండి, గిన్నె కారం, ముప్పాతిక గిన్నె ఉప్పు. ఇరుగుపొరుగు గదుల నుండి నలుగురైదుగురు స్త్రీలు వచ్చారు. గుంటూరు ఆమె కారం చాలదన్నది. కరీంనగరం ఆమె అల్లం వెల్లుల్లి వేయనిదీ ఒక తొక్కేనా అన్నది. అక్కయ్య ఎవరి మాటా వినలేదు. అప్పటివరకు భోజనశాలలో తలవంచుకొని తిని వెళ్ళే ఆ స్త్రీలు ఆ మధ్యాహ్నం రెండు గంటలు వాదించుకొన్నారు.

మహిమ జరిగిందని నేను వ్రాయను. అక్కయ్య నేటికీ వారం మరచిపోతుంది. మాత్రలు వేసుకొంటూనే ఉంది. రక్తపోటు వల్ల ఆవకాయ తాను నాలుకకు రాచుకోవడమే కాని తినదు. కాని ఏదో వెదకడం మానింది. రాత్రి నిద్ర పడుతోంది. జాడీ ఆమె మంచం పక్కన పీట మీద ఉంది. వచ్చినవారికి చిన్న సీసాలో పెట్టి ఇస్తుంది. ఇవ్వడానికి చేతిలో ఏదైనా ఉన్న మనిషి వేరు, లేని మనిషి వేరు.

పాదం పాదంగా మారే పద్ధతి

అనుభవం మీద నాకు తోచిన క్రమం ఇది. ఋతుసంధి సూత్రమే దీనికి ఆధారం.

1. చేరేముందు ఒక వారం అక్కడ అతిథిగా ఉండి రావాలి. వచ్చి పాత ఇంట్లో ఒక వారం గడపాలి. తరువాతనే నిర్ణయం ఆమె నోట వినాలి.

2. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆమె కుర్చీలో కూర్చొని ఉండాలి. ప్రతి వస్తువూ ఎవరికి వెళ్ళాలో ఆమే చెప్పాలి, వీలైతే ఆమె చేతితోనే ఇవ్వాలి. మూడు దినాల పని ముప్పై దినాలు పట్టినా నష్టం లేదు.

3. వెంట తీసుకొని వెళ్ళే వస్తువులు ఉపయోగం చూసి ఎంచరాదు. పప్పుగుత్తి అయినా, పీట అయినా, జాడీ అయినా, ఆమె ఎంచినవి నాలుగు వెళ్ళాలి.

4. పాత దినచర్యలో నాలుగవ వంతైనా మొదటి పక్షం అలాగే ఉండనివ్వాలి. లేచే వేళ, కాఫీ వేళ, స్నానం వేళ, పూజ వేళ. వాకిట ముగ్గు లేకపోతే గది గడప ముందు చిన్న ముగ్గుకు చోటివ్వాలి. తులసి కుండీకి కిటికీలో చోటివ్వాలి.

5. ఏమని పిలవాలో ఆమెనే అడగాలి. పేరుతోనా, టీచరమ్మగారనా, పెద్దమ్మగారనా? గది నంబరుతో పిలవడం ఎవరికీ పథ్యం కాదు.

6. పని కావాలా, విశ్రాంతి కావాలా అనేదీ ఆమెనే అడగాలి. నేను చేసిన రెండవ పొరపాటు మీరు చేయవద్దు.

7. కొంత రొక్కం ఆమె చేతిలో ఉండాలి. పింఛను పుస్తకం, బ్యాంకు పుస్తకం ఆమె వద్దనే ఉండాలి. సంతకం ఆమే పెట్టాలి. చూడవచ్చిన మనుమడి చేతిలో పది రూపాయలు పెట్టలేని మామ్మ, వాడు రావడానికే సిగ్గుపడుతుంది.

8. పిల్లలు ఫోన్ చేసినప్పుడు తిన్నావా, మాత్ర వేసుకొన్నావా అనే రెండు ప్రశ్నలతో ఆపరాదు. ఆమెకు తెలిసినది ఏదైనా అడగాలి. పులిహోరలో ఇంగువ ఎప్పుడు వేయాలి, బిడ్డకు జలుబు చేస్తే ఏం చేసేదానివి అని అడగాలి.

ఈ దినాలలో పనికివచ్చే గృహవైద్యం

నిద్రకు: రాత్రి పడుకొనేముందు గోరువెచ్చని నువ్వులనూనె పాదాలకు, మాడుకు పది నిమిషాలు మర్దన చేయాలి. తరువాత పాదాలను పొడిగుడ్డతో బాగా తుడవాలి. నూనె పాదాలతో నడిస్తే జారి పడే ప్రమాదం ఉంది. మధుమేహం వల్ల పాదాలు తిమ్మిరెక్కినవారు నూనె వేడిని మరొకరిచేత పరీక్షించుకోవాలి. గ్లాసు పాలలో సానమీద అరగదీసిన జాజికాయ గంధం చిటికెడు కలిపి వారం దినాలు పుచ్చుకోవచ్చు. అంతకు మించరాదు. నిద్రమాత్రలు వాడేవారు జాజికాయ వాడవద్దు.

ఆకలికి: సొంఠి, జీలకర్ర, వాము సమభాగాలు దోరగా వేయించి పొడిచేసి, పావు చెంచా పొడిని మొదటి ముద్దలో నేతితో కలిపి తినాలి. కడుపులో మంట, పుండు ఉన్నవారు దీనిని మానాలి.

మలబద్ధానికి: కరక్కాయ పెచ్చుల పొడి అర చెంచా రాత్రి గోరువెచ్చని నీటితో పుచ్చుకోవాలి. బాగా నీరసించినవారు దీనికి బదులు పది ఎండుద్రాక్షలు నానబెట్టి తినవచ్చు. మధుమేహం ఉన్నవారు ద్రాక్షలు వాడేముందు తమ వైద్యుని అడగాలి.

నీరసానికి: పెసరకట్టు వేడిగా, నెయ్యి వేసి, మధ్యాహ్నానికీ రాత్రికీ నడుమ ఒక గిన్నె త్రాగాలి.

వీటిలో ఏదైనా ఆ తల్లి తానే చేసుకోగలిగితే చేసుకోనివ్వండి. తన చేతితో దంచుకొన్న సొంఠిపొడికి గుణం ఎక్కువ.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

అన్నీ దిగులు వల్లనే అనుకోవడం మరొక పొరపాటు. మాట హఠాత్తుగా తడబడినా, మూతి ఒకవైపు వంగినా, ఒక చేయి పట్టు తప్పినా ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చాలి. ఒకటి రెండు దినాలలోనే మతి చెదిరితే మూత్రంలో చీము, జ్వరం, రక్తంలో ఉప్పు తగ్గడం, కొత్తగా వాడిన మాత్ర వంటి కారణాలు ఉండవచ్చు. పరీక్ష చేయించాలి. కారణం తెలియకుండా బరువు తగ్గినా, మలం నల్లగా పోయినా ఉపేక్షించరాదు. రెండు వారాలు దాటి ఎవరితోనూ మాట్లాడకపోయినా, బ్రతికి ఏం చేయాలని అంటున్నా మానసిక వైద్యునికి చూపించాలి. రక్తపోటు, మధుమేహం మాత్రలను గృహవైద్యం పేరుతో ఆపనే రాదు.

బలవంతంగా ఇల్లు విడిపించినవారి సంగతి వేరు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పోషించకపోతే ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనే హక్కు ఆ చట్టం ఇచ్చింది. చూసుకొంటారనే షరతుతో ఆస్తి వ్రాసి ఇచ్చి, తరువాత వారు చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని కోరవచ్చు. సలహాకు వయోవృద్ధుల సహాయ ఫోను 14567 ఉంది.

ఇప్పుడు గురువారం నాడు ఆశ్రమానికి వెళ్ళినప్పుడు కొత్తగా చేరిన తల్లి ఎవరైనా కనబడితే నేను వెంటనే చేయి పట్టుకోను. పక్కన కూర్చొని, "మీ ఇంట్లో మీరు ఏం చేసేవారమ్మా? మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అని అడుగుతాను. కొందరు గంటసేపు చెబుతారు. కొందరు ఏడుస్తారు. కొందరు, ఆ మెట్టప్రాంతపు తల్లిలాగా, అవన్నీ ఇప్పుడెందుకు బాబూ అని నవ్వుతారు. ఏది చెప్పినా వింటాను. తరువాతనే నాడి చూస్తాను.

మీ ఇంట్లోనూ ఏదో ఒక రోజు అటక దించే పని పడవచ్చు. ఒక్క జాడీని కదిలించేముందు అది ఎవరిదని అడగండి. అడగవలసిన మనిషి ఇంకా ఆ ఇంట్లోనే, మీ పక్క గదిలోనే ఉండి ఉంటుంది.